బొమ్మకి నడక నేర్పిన చేతులు

మొన్న సంక్రాంతికి పటాన్‌చెరులో మా అబ్బాయి ఇంటికి వెళ్ళేను. పాల లెక్క రాసుకుందామని బల్ల మీదున్న చీటీల పుస్తకం తీస్తే, ప్రతి కాగితం మూలనా ఓ చిన్న పిల్లి బొమ్మ! అన్నిట్లోనూ ఒకే పిల్లి. కాకపోతే ఒక్కో కాగితంలో తోక కాస్త లేచి, నడుము కాస్త వంగి ఉంది. "కాగితాలన్నీ పాడుచేసిందెవరే?" అన్నాను. మా మనవరాలు పరుగెత్తుకొచ్చి, "అలా ఒక్కొక్కటీ కాదు నానమ్మా. అంచు బొటనవేలితో పట్టుకుని జర్రున వదులు" అంది. వదిలేను. పిల్లి గోడ మీంచి కిందకి దూకింది! చెప్పొద్దూ, నా గుండె కూడా దానితోపాటే ఓ గెంతు గెంతింది. డెబ్భైకి దగ్గరపడుతున్నదాన్ని, సిగ్గులేకుండా పదిసార్లు దూకించేను దాన్ని.

ఇంతా చేస్తే ఆ పిల్లి వెనక ఇంట్లో పెద్ద గొడవే ఉందని సాయంత్రానికి తెలిసింది. మనవరాలు ఇంటర్ మొదటి సంవత్సరం, బై.పి.సి. మావాడు మందుల ఫ్యాక్టరీలో పనిచేస్తాడు. పటాన్‌చెరు నుంచి సంగారెడ్డి వైపు వెళ్తూ ఏ పక్కకి తిరిగినా ఫ్యాక్టరీలే కదా, పిల్ల బి.ఫార్మసీ చదివితే ఉద్యోగం వెతుక్కోనక్కర్లేదని వాడి లెక్క. పిల్ల మాత్రం యానిమేటర్ని అవుతానంటుంది.

"అంటే ఏం చేస్తారే?"

"బొమ్మలకి ప్రాణం పోస్తారు నానమ్మా."

"ఆ పని బ్రహ్మదేవుడిది కదే!"

"ఆయనకి మాత్రం అసిస్టెంట్లు అక్కర్లేదా?"

మావాడు నవ్వలేదు. "పొద్దస్తమానం ఆ ఫోన్లో కార్టూన్లే. కార్టూన్లు చూసి ఎవరు బాగుపడ్డారమ్మా?" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు. లేనప్పుడు వెతుక్కోవాలి కదా! ఆ పది రోజులూ నా కళ్ళజోడు, పిల్ల ఫోను, అది తెచ్చిపెట్టిన పుస్తకాలు - వీటితోనే గడిచేయి. నాకు దొరికిన కథ మీతో చెప్పకుండా ఉండలేను. ఎందుకంటే ఆ కథలో అడుగడుగునా మన ఆడవాళ్ళ చేతులు కనిపించేయి. పేర్లు మాత్రం చాలాచోట్ల కనిపించలేదు.

బొమ్మలతో కథ నడిపించడం మనకి కొత్తేమీ కాదు. పూర్వపు వరంగల్ జిల్లాలో ఉండి, ఇప్పుడు సిద్దిపేట జిల్లాలో ఉన్న చేర్యాల పేరు వినే ఉంటారు. అక్కడి నకాషీ చిత్రకారులు ఖద్దరు గుడ్డకి చింతగింజల జిగురూ సుద్దమట్టీ పట్టించి, దానిమీద మూరల కొద్దీ పురాణకథలు గీస్తారు. కథ చెప్పేవాళ్ళు ఊరి మధ్య ఆ పటం వేలాడదీసి, ఒక్కో వరసా విప్పుతూ పాడుతూ పోతారు. ఇక అనంతపురం వైపు నిమ్మలకుంటలో తోలుబొమ్మలాట. పల్చటి తోలు మీద రంగులద్ది, వెనక దీపం పెట్టి, తెర మీద రాముణ్ణి నడిపిస్తారు. ఆ ఊరి దళవాయి చలపతిరావుగారికి 2020లో పద్మశ్రీ వచ్చింది. మా అమ్మమ్మలు తోలుబొమ్మలాట చూస్తూ తెల్లవార్లూ మేలుకునేవారు. వాళ్ళనెవరూ "బొమ్మలు చూసి చెడిపోయారు" అనలేదు!

ఆ బొమ్మని చెయ్యి ఆడిస్తుంది. సినిమా బొమ్మని చెయ్యి ఆడించదు, గీస్తుంది. తేడా అంతా అక్కడే ఉంది. సినిమాలో సెకనుకి 24 ఫ్రేములు నడుస్తాయి. ఒక్కో బొమ్మని రెండేసి ఫ్రేములకి వాడుకున్నా సెకనుకి 12 బొమ్మలు గీయాలి. అంటే పది నిమిషాల సినిమాకి 7,200 బొమ్మలు! ముందు పెద్ద చిత్రకారులు ముఖ్యమైన భంగిమలు గీస్తారు - పిల్లి గోడ మీద, పిల్లి గాల్లో, పిల్లి నేల మీద. వాటి మధ్య బొమ్మలు సహాయకులు నింపుతారు. మన భాషలో చెప్పాలంటే ముందు చుక్కలు పెట్టడం, తర్వాత గీతలు కలపడం. చుక్క తప్పితే ముగ్గే తప్పుతుంది. గీత వణికితే అందం పోతుంది.

మన దేశంలో ఈ విద్యకి మొదటి అడుగు వేసినవాడు దాదాసాహెబ్ ఫాల్కే. 1913లో "రాజా హరిశ్చంద్ర" తీయడానికి ముందు, డబ్బు పెట్టేవాళ్ళని నమ్మించడానికి ఆయన ఓ గింజ మొలకెత్తడం కొంచెం కొంచెంగా కెమెరాలో పట్టి చూపించేడట. రోజుల తరబడి పెరిగిన మొక్క తెరమీద చూస్తూ చూస్తూ ఉండగానే పెరిగిపోయింది! 1915లో అగ్గిపుల్లల్ని కదిలిస్తూ ఓ చిన్న సినిమా తీసేడు. ఈ పనులన్నిటికీ వెనక ఆయన భార్య సరస్వతీబాయి ఉంది. ఫిల్ముకి అంచున చిల్లులు పొడవడం, కడగడం నేర్చుకుంది. పనివాళ్ళందరికీ వండి పెట్టింది. ఆవిడ నగలు కూడా ఆ పెట్టుబడిలోకే పోయేయి. ఫాల్కే పేరు మీద అవార్డుంది. సరస్వతీబాయి పేరు మనలో ఎంతమందికి తెలుసు, మీరే చెప్పండి.

ఆ రోజుల్లోనే జర్మనీలో లోటే రైనిగర్ అనే అమ్మాయి కత్తెర పట్టుకుంది. నల్ల కాగితాన్ని మనుషులుగా, గుర్రాలుగా, మాంత్రికులుగా కత్తిరించి, కీళ్ళు అతికి, కింద దీపం పెట్టి, వెంట్రుకవాసి జరుపుతూ ఒక్కో ఫ్రేమూ తీసింది. మూడేళ్ళ పని. అరేబియన్ నైట్స్ కథలతో "ప్రిన్స్ అహ్మద్ సాహసాలు" 1926లో విడుదలైంది. నేటికీ మిగిలి ఉన్న పూర్తినిడివి బొమ్మల సినిమాల్లో అదే అన్నిటికంటే పాతది. డిస్నీవారి "స్నో వైట్" వచ్చింది 1937లో! అంటే ఆ సినిమా కంటే పదకొండేళ్ళ ముందే ఓ ఆడపిల్ల కత్తెరతో ఈ పని చేసిందన్నమాట. మన తోలుబొమ్మలాట లాంటి నీడలాటకి ఆవిడ సినిమా అక్కచెల్లెలి వరస.

స్నో వైట్ సంగతి కూడా వినండి. చిత్రకారులు కాగితం మీద గీసిన బొమ్మని అద్దంలాంటి సెల్యులాయిడ్ రేకు మీదికి ఇంకుతో ఎత్తిరాయాలి, వెనకవైపు రంగులు అద్దాలి. రెప్ప వెయ్యకుండా, ఊపిరి బిగబట్టి చెయ్యాల్సిన ఆ పని డిస్నీ స్టూడియోలో ఆడపిల్లలది. మరి అసలు బొమ్మ గీసే పనో? 1938లో ఉద్యోగం అడిగిన ఓ అమ్మాయికి ఆ స్టూడియో నుంచి వెళ్ళిన జవాబు ఇప్పటికీ ఉంది. కల్పన చేసే పని కుర్రవాళ్ళదనీ, ఆడపిల్లలకి ఉన్నది ఇంకూ రంగుల పనేననీ దాని సారాంశం. నాలుగేళ్ళు తిరిగేసరికి 1942లో వచ్చిన "బాంబి" సినిమాలో యానిమేటర్ల జాబితాలో రెట్టా స్కాట్ అనే అమ్మాయి పేరు పడింది. ఆవిడ గీసినవి ఏమిటనుకున్నారు? పువ్వులూ సీతాకోకచిలకలూ కాదు, లేడిని తరిమే వేటకుక్కలు! ఆ కుక్కల కోరలు చూసి హడలిపోయినవాళ్ళెవరూ ఇది ఆడపిల్ల చెయ్యి అనుకుని ఉండరు.

ఆ "బాంబి"కి పనిచేసిన వాళ్ళలో క్లెయిర్ వీక్స్ ఒకడు. మన దేశంలోనే మిషనరీల ఇంట పుట్టినవాడు. 1956లో అమెరికా సాంకేతిక సాయం కింద బొంబాయి ఫిల్మ్స్ డివిజన్‌కి వచ్చి, మనవాళ్ళకి పద్ధతిగా పాఠం చెప్పేడు. అక్కడ తయారైన "ది బన్యన్ డీర్" 1957 నాటిది, జాతక కథలోని లేడి కథ. అదే 1957లో మన "మాయాబజార్" వచ్చిందని గుర్తు చేసుకుంటే నాకు భలే సరదా వేసింది. అక్కడ బొంబాయిలో గీతల లేడి పరుగు నేర్చుకుంటూంటే, ఇక్కడ మార్కస్ బార్‌ట్లే కెమెరా మాయతో లడ్లు వాటంతట అవే ఎస్.వి.రంగారావుగారి నోట్లోకి నడిచేయి. ప్రాణం లేనిదాన్ని కదిలించి నవ్వించడం రెండుచోట్లా ఒకటే!

వీక్స్ దగ్గర నేర్చుకున్న వాళ్ళలో రామ్‌మోహన్ అనే కుర్రవాడున్నాడు. మద్రాసులో కెమిస్ట్రీ చదివి, పైచదువుకి బొంబాయి వెళ్ళి, అది వదిలేసి బొమ్మల్లో దూరేడు. (ఈ ముక్క మావాడికి వినపడేలా రెండుసార్లు చదివేను!) 2014లో పద్మశ్రీ అందుకుని, 2019లో కన్నుమూసేదాకా ఆ పని వదలలేదు. జపానువారితో కలిసి రామాయణం బొమ్మల సినిమా తీసేడు. నాకు మాత్రం ఆయన చేసిన పనుల్లో యునిసెఫ్ కోసం 1990లలో చేసిన "మీనా" ఇష్టం. మీనా పల్లెటూరి పిల్ల, దానికో చిలక. తమ్ముడు బడికి వెళ్తాడు, మీనా ఇంటిపని చెయ్యాలి. చిలక బడి కిటికీలోంచి విని వచ్చి లెక్కలు చెప్తుంది. ఆ లెక్కలతోనే మీనా కోళ్ళు లెక్కపెట్టి దొంగని పట్టిస్తుంది. ఆడపిల్లకి చదువెందుకన్న ఇళ్ళల్లోకి ఉపన్యాసం వెళ్ళలేకపోయింది గాని, ఈ బొమ్మ వెళ్ళింది.

ఇంతకీ ఈ బొమ్మలు మన పల్లెలదాకా ఎలా చేరేయి? సెల్‌ఫోన్ల కంటే ముందే మా మెదక్ జిల్లా పల్లెల్లో ఆకాశం నుంచి బొమ్మ దిగిందంటే నమ్ముతారా? 1975 ఆగస్టు 1 నుంచి 1976 జూలై 31 దాకా ఓ అమెరికా ఉపగ్రహం సాయంతో ఆరు రాష్ట్రాల్లో 2,400 పల్లెలకి టీవీ చూపించేరు. సైట్ అనేవారు ఆ ప్రయోగాన్ని. మన రాష్ట్రంలో దానికి ఎంచుకున్న జిల్లాల్లో మెదక్ ఒకటి. అప్పుడు జిల్లా కేంద్రం సంగారెడ్డే. పొద్దున బడిపిల్లలకి, సాయంత్రం పెద్దలకి, తెలుగులోనే కార్యక్రమాలు. సొంత టీవీ అన్నది పట్నంలోనే ఎరగని రోజుల్లో పల్లె పిల్లలు బడిలో టీవీ చూసేరు! తర్వాత దూరదర్శన్ ఇంటింటికీ వచ్చింది. 1974లో ఫిల్మ్స్ డివిజన్ తీసిన "ఏక్ అనేక్ ఔర్ ఏక్తా" చాలా ఏళ్ళు వేసేవారు. వలతో సహా ఎగిరిపోయిన పక్షుల కథ. మన చిత్రగ్రీవుడి కథే. దానికి బొమ్మలు కదిలించినవాడు భీమ్‌సేన్. హిందీ రాని మా వీధి పిల్లలు కూడా ఆ పాట ఒప్పజెప్పేవారు.

అన్నట్టు, "కార్టూన్లు చూసి బాగుపడినవాళ్ళెవరు" అన్నాడు కదా మావాడు! హైదరాబాదు కుర్రవాడు రాజీవ్ చిలక అమెరికాలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తూ, అది వదిలేసి శాన్‌ఫ్రాన్సిస్కోలో యానిమేషన్ నేర్చుకుని, 2001లో హైదరాబాదులో గ్రీన్ గోల్డ్ సంస్థ పెట్టేడు. ఏడేళ్ళు గడిచేక 2008లో పోగో ఛానెల్లో "ఛోటా భీమ్" వచ్చింది. మళ్ళీ లడ్లే చూడండి! లడ్డు తింటే బలం వచ్చే ఆ భీముడు 2019లో పాలబుగ్గల పసివాడుగా నెట్‌ఫ్లిక్స్‌కి ఎక్కేడు. అందులో మాటలుండవు. అందుకే ఏ దేశం పిల్లాడైనా చూడగలడు.

మా మనవరాలు ఫోన్లో చూసేది మాత్రం వేరే ప్రపంచం. నాకూ చూపించింది. ఒకదాంట్లో నిలువుగీతా అడ్డగీతా కలిపిన మనిషి, తనని గీసినవాడితోనే కంప్యూటర్ తెరమీద యుద్ధానికి దిగుతాడు. అలన్ బెకర్ అనే అమెరికా కుర్రవాడు పదిహేడు పద్దెనిమిదేళ్ళ వయసులో, 2006లో ఇంటర్నెట్లో పెట్టినది. "చూడు నానమ్మా, వీడికి ముక్కూ మొహం లేవు. అయినా కోపం తెలుస్తోంది కదా. నడుము వంపులోనే ఉందంతా" అంది. అప్పుడు తెలిసింది నాకు, ఇది కార్టూన్లు చూడడం లేదు, చదువుతోంది. ఒక్కో ఫ్రేమూ ఆపి, మెడ ఎటు తిరిగిందో, కాలు ఎప్పుడు లేచిందో కాగితం మీద గీసుకుంటోంది. మేము పక్కింటావిడ అల్లిన స్వెట్టరు వెనక్కి తిప్పి కుట్లు లెక్కపెట్టుకునేవాళ్ళం చూడండీ, అలాగన్నమాట.

పనిముట్టు కూడా ఇప్పుడు ఊరికే దొరుకుతోంది. బ్లెండర్ అనే సాఫ్ట్‌వేరుని వాడుకునేవాళ్ళంతా చందాలు వేసుకుని, లక్ష యూరోలు పోగుచేసి, 2002లో అందరి సొత్తుగా చేసేరు. దానితోనే లాత్వియా అనే చిన్న దేశం వాళ్ళు "ఫ్లో" అనే సినిమా తీసేరు. వరదలో చిక్కుకున్న పిల్లి కథ, ఒక్క మాటా ఉండదు. 2025లో ఆ పిల్లికి ఆస్కార్ వచ్చింది. మావాళ్ళ చీటీల పుస్తకంలో పిల్లి ఎందుకు దూకుతోందో ఇప్పుడు అర్థమైంది కదా!

నాకు నచ్చిన పిల్లి ఇంకోటుంది. బొంబాయిలో గీతాంజలి రావు అనే ఆవిడ 2006లో "ప్రింటెడ్ రెయిన్‌బో" అనే చిన్న సినిమా చేసింది. పదిహేను నిమిషాలు. ఫ్లాట్లో ఒంటరిగా ఉన్న ముసలావిడ, ఆవిడ పిల్లి. ఆవిడ దాచుకున్న అగ్గిపెట్టెల మీది బొమ్మల్లోకి ఇద్దరూ వెళ్ళి విహరించి వస్తారు. బొమ్మలన్నీ ఆవిడే గీసింది. కాన్స్ ఉత్సవంలో క్రిటిక్స్ వీక్‌లో బహుమతులు గెలుచుకుంది. ఫాల్కే అగ్గిపుల్లలు కదిలించిన దేశంలో, తొంభై ఏళ్ళ తర్వాత ఓ స్త్రీ అగ్గిపెట్టె తెరిచి మరో స్త్రీ ఒంటరితనం చూపించింది. ఈసారి పేరు కూడా తనదే వేసుకుంది.

ఇంతవరకూ చదివి మావాడి ముందు గర్వంగా కూచున్నాను. వాడు ఫ్యాక్టరీ మనిషి, ఊరికే ఒప్పుకుంటాడా? "అమ్మా, గెలిచినవాళ్ళ కథలే చెప్పేవు. లైఫ్ ఆఫ్ పై సినిమాలో పులిని తయారుచేసిన కంపెనీ ఏమయిందో చదివేవా?" అన్నాడు. చదివేను. రిథమ్ అండ్ హ్యూస్ అనే ఆ అమెరికా సంస్థకి హైదరాబాదులోనూ శాఖ ఉండేది. 2013 ఫిబ్రవరిలో దివాలా పిటీషను పెట్టింది. అదే నెలలో ఆ పులికి ఆస్కార్ వచ్చింది! చేతిలో బహుమతి, ఖజానాలో సున్నా. "పైగా ఇప్పుడు కంప్యూటరే గీసేస్తోందిటగా" అన్నాడు. అదీ నిజమే. స్నో వైట్ కాలంలో ఆడపిల్లలు ఊపిరి బిగబట్టి అద్దిన రంగుల పని 1990లు వచ్చేసరికి డిస్నీలో కంప్యూటర్ చేతికి వెళ్ళిపోయింది.

రాత్రంతా ఆలోచించేను. వాడి భయం తప్పు కాదు. నెల తిరిగేసరికి జీతం రాకపోతే ఇల్లెలా ఉంటుందో ఈ ఫ్యాక్టరీల మధ్య బతికినవాళ్ళకి ఒకరు చెప్పాలా? కానీ ఇన్నేళ్ళ చరిత్రలో నాకు కనిపించినదేమిటంటే, ఎత్తిరాసే చేతుల పని పోయింది, నిర్ణయించే చేతుల పని పోలేదు. పిల్లి ఎందుకు దూకాలి, దూకే ముందు ఎటు చూడాలి, పడ్డాక సిగ్గుపడాలా వద్దా - ఇది చెప్పగలిగిన మనిషి కావాలి. రైనిగర్ కత్తెర పాతబడింది, ఆవిడ కథ పాతబడలేదు. కాబట్టి పిల్ల నేర్చుకోవాల్సింది సాఫ్ట్‌వేర్ ఒక్కటే కాదు. మనుషుల్ని చూడడం, కథ కట్టడం, చదువు సరిగ్గా చదవడం కూడా నేర్చుకోవాలి.

పొద్దున్నే మనవరాలికి అదే చెప్పేను. తర్వాత మావాడిని కూచోబెట్టి, "1993లో ఆదివారం పొద్దున్న టీవీలో మోగ్లీ వస్తే, తలంటి సగంలో వదిలేసి నురగతో పరుగెత్తినవాడు ఎవర్రా?" అని అడిగేను. కోడలు పక్కున నవ్వింది. వాడూ నవ్వు ఆపుకోలేకపోయేడు. "సంగారెడ్డి వెళ్ళే దారిలో కందిలో ఐ.ఐ.టి. ఉంది కదా, రోజూ దాని బోర్డు చూస్తావు. అందులో డిజైన్ విభాగం ఉంది. యూసీడ్ అని పరీక్ష రాయాలిట, ఇంటర్లో ఏ గ్రూపు చదివినా రాయొచ్చుట. ఫార్మసీ పరీక్షతో పాటు అదీ రాయనీ. రెండూ రాసేక మాట్లాడుకుందాం" అన్నాను. వాడు ఔననలేదు, కాదనలేదు. ఫోన్లు రాత్రి తొమ్మిది తర్వాత బంద్ అని మాత్రం అన్నాడు. అదీ న్యాయమేగా, నేనూ ఒప్పుకున్నాను.

ఆ రాత్రి మంచినీళ్ళకి లేచేను. హాల్లో చిన్న దీపం వెలుగుతోంది. జర్రు... జర్రు... మని చప్పుడు. తొంగి చూస్తే మావాడు, బల్ల దగ్గర, చేతిలో చీటీల పుస్తకం. నేను చప్పుడు చెయ్యకుండా వచ్చి పడుకున్నాను.

మర్నాడు కాఫీ తాగుతూ, తలెత్తకుండానే కూతుర్ని అడిగేడు:

"ఔనే, ఆ పిల్లి దూకేక ఎటు వెళ్తుంది?"